సీలేసిన గోధుమలు

జగపతి పటేల్ కిరాణా దుకాణంలో ఏ బస్తా ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పేవాణ్ణి. గడప దాటగానే ఎడమపక్క ఎండుమిరప, దాని వెనక చింతపండు, బెల్లం దిమ్మెల మీద తడిపిన గోనెపట్టా, కుడివైపు పప్పులు, అన్నిటికీ చివర గోధుమలు. జనగామ స్టేషన్ రోడ్డులో ఆ వాసన పట్టుకొని గుడ్డివాడు కూడా మా దుకాణానికి వచ్చేవాడు. ఇప్పుడు ఏ దుకాణానికి పోయినా సబ్బుల వాసన తప్ప ఇంకోటి రాదు.

నేను అక్కడికి చేరింది అరవై తొమ్మిదిలో. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది, బళ్లు నెలల తరబడి మూతపడ్డాయి. ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునే మధుకర్, పటేల్ కొడుకు, ఏడాది ఆగి మళ్లీ బడికి పోయాడు. మా బాపు నన్ను బడికి పంపలేదు, పటేల్ దుకాణానికి పంపాడు. మా ఈడువాళ్లకు ఒక ఏడాది పోయింది. నాకు చదువే పోయింది. అది ఎవరి తప్పో ఈ రోజుకూ తేలలేదు గాని, కోపం మాత్రం అట్లనే ఉంది.

చదువు పోయినా చేతికి పని వచ్చింది. తరాజు పట్టడం పటేల్ దగ్గరుండి నేర్పాడు. పాత పేపరు ముక్కను శంఖంలా చుట్టి, సరుకు పోసి, మూతి మడిచి, దారంతో నాలుగు చుట్లు తిప్పి పళ్లతో తెంపితే, ఆ పొట్లాన్ని కాజీపేట దాకా రైలు మీద పారేసినా గింజ రాలేది కాదు. తూకం సరిపోయాక పిడికిట్లో పట్టినన్ని గింజలు పైన వేయాలి. అదే కొసరు.

"తూకం తరాజుది, కొసరు మనిషిది. తరాజును చూసి ఎవడస్తడురా మన దుకాణంకు?" అనేవాడు పటేల్.

ఆ కొసరు కోసమే వచ్చేది జమ్లీ. నర్మెట్ట తొవ్వలో ఉన్న లంబాడా తండా ఆమెది. ఏడాదంతా ఉప్పూ మిరపా కొన్నా, శ్రావణం వచ్చిందంటే ఆమె అడిగేది గోధుమలు. మా దిక్కు పొలాల్లో గోధుమ ఎవరూ వేయరు. మాకది రొట్టెల సరుకు. తండాలో మాత్రం తీజ్ పండక్కి పెళ్లి కాని ఆడపిల్లలు చిన్న చిన్న వెదురుబుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పొద్దూమాపూ నీళ్లు పోసి, పాటలు పాడి పెంచుతారు. మొలక ఏపుగా వస్తే ఆ పిల్ల చేయి మంచిదని అంటారు. రాకపోతే ఏమంటారో నేనెప్పుడూ అడగలేదు. రాకపోవడమన్నది ఎన్నడూ జరగలేదు కాబట్టి.

జమ్లీ వచ్చి బస్తాలో మోచేతి దాకా చేయి పెట్టేది. అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒక గింజ పంటి కింద వేసి కటుక్కున కొరికేది.

"నువ్వు గోధుమలు కొంటున్నవా, బుక్కుతున్నవా అక్కా?" అనేవాణ్ణి.

"నీ తరాజును నమ్ముత గని, నిన్ను నమ్మ తమ్మీ. కొసరు వెయ్యి. అది నాకోసం గాదు, మా తారి బుట్టకోసం" అని కొంగు పట్టేది.

తారి ఆమె బిడ్డ. నేను చూస్తుండగానే కొంగు పట్టుకొని నడిచే పిల్ల నుంచి బుట్ట ఎత్తుకునే పిల్ల అయింది.

ఎనభై ఒకటిలో జగపతి పటేల్ పోయాడు. బీకాం చదివిన మధుకర్ గద్దె మీద కూర్చున్నాడు. మొదటి నెలలోనే తరాజు అటక ఎక్కింది, గుండ్రటి అద్దంలో ముల్లు తిరిగే కాంటా వచ్చింది. తర్వాత గద్దె మీదకు లెక్కలు చేసే చిన్న డబ్బా వచ్చింది. ఆ మరుసటి ఏడాది హైదరాబాదు నుంచి సీలు మిషన్ దిగింది. నిలువెత్తు స్టాండు, కింద కాలితో తొక్కే పెడలు, పైన కాలే పట్టీ. ప్లాస్టిక్ కవరు మూతి పెట్టి తొక్కితే చుయ్‌మని అతుక్కునేది.

"ఇగ బస్తాలు కనవడొద్దు సురేందరూ. అన్నీ కిలో, అర్ధకిలో ప్యాకెట్లే. మనిషి అచ్చుడు, తీసుకునుడు, పోవుడు" అన్నాడు మధుకర్.

"మరి కొసరు?"

"ప్యాకెట్‌కు కొసరేందిరా, సీలేసినంక?"

అందరి ముందూ 'రా' అన్నాడు. నేను మాత్రం అప్పటికే 'పటేలా' అంటున్నాను.

కోపమున్నా అబద్ధం చెప్పను, మిషన్ నాకూ నచ్చింది. రోజుకు మూడు వందల ప్యాకెట్లు కొట్టేవాణ్ణి. అద్దంలా మెరిసే కవర్లు అరల్లో వరుసగా నిలబడితే, మా దుకాణం చూడడానికే చేర్యాల నుంచి వ్యాపారులు వచ్చారు.

వానలు మొదలయ్యేసరికి అసలు సంగతి తెలిసింది. గోధుమ ప్యాకెట్ల లోపల చెమ్మ పట్టి, పురుగు లేచింది. మూసిన కవరులో పురుగు తిరుగుతుంటే బయటికే కనిపించేది. నాలుగు ఇళ్ల నుంచి వాపసు వచ్చాయి. మధుకర్ తల పట్టుకున్నాడు.

ఉపాయం చెప్పింది నేనే. మా అవ్వ రవ్వను పెనం మీద వేడి చేసి డబ్బాలో పోసేది, ఆరునెలలైనా పురుగు పట్టేది కాదు. "గోధుమల్ని గూడ జర ఏంచి సీలేద్దాం పటేలా" అన్నాను. పెరట్లో పెద్ద కడాయి పెట్టించాడు. చెయ్యి పెడితే చురుక్కుమనేదాకా తిప్పి, చల్లార్చి, ప్యాకెట్లు కొట్టాను. ఒక్క పురుగు రాలేదు. "సదువుకున్నోనికి రాలే ఈ అక్కల్" అని మధుకర్ భుజం తట్టాడు. ఆ మాటకు వారం రోజులు ఒళ్లు తేలిపోయింది. పదమూడేళ్లుగా శ్రావణం వస్తే ఎవరు వచ్చి గోధుమలు అడుగుతారో తెలిసినవాణ్ణి, నాకే గుర్తు రాలేదు.

ఆ శ్రావణంలో జమ్లీ తారిని వెంటబెట్టుకొని వచ్చింది. బస్తా ఉండే చోట అర చూసి నిలబడిపోయింది.

"ఒక్క గింజ కొరికి సూస్త, ఇప్పు తమ్మీ."

"సీలు తీస్తే కొన్నట్టే" అన్నాడు మధుకర్ గద్దె మీంచి.

తారి మెరిసే కవరును చెంపకు ఆనించుకుంది. "యాడీ, గిదే మంచిగున్నది. రాయి లేదు, మన్ను లేదు" అని తల్లిని ఒప్పించింది. జమ్లీ కొంగు పట్టింది గాని, పట్టి మళ్లీ తనే వదిలేసింది. నేను ప్యాకెట్ చేతిలో పెట్టాను. ఏమీ గుర్తు రాలేదు.

తీజ్ అయిదో రోజు పొద్దున ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో సగం ఖాళీ అయిన కవరు. అరవలేదు, తిట్టలేదు.

"తమ్మీ, గివి మంచియేనా? అందరి బుట్టలు పచ్చగైనయి. తారిదొక్కటే మన్ను లెక్కున్నది. నా బిడ్డ చేతుల ఏదో ఉన్నదంటున్నరు. దాని బుట్టను వరుసల నుంచి తీసి పక్కకు వెట్టిన్రు. నిన్నటి సంది ముద్ద ముడ్తలేదు."

మిగతా ఇళ్లవాళ్లు సంతలో విడి గోధుమలు కొన్నారట. సీలు ప్యాకెట్ కొన్నది ఈమె ఒక్కతే.

నా కాళ్ల కింద పెడలు ఉంది. తొక్కలేకపోయాను. మధుకరే అందుకున్నాడు. "మిషన్ల ప్యాక్ చేసిన మాల్ అమ్మా. దాంట్ల తప్పుండదు. నీళ్లు ఎక్కువ వోసి ఉంటరు."

జమ్లీ నా వైపు చూసింది. నేను కవర్లు సర్దాను. ఆమె కవరు మూతి మడిచి, కొంగున కట్టుకొని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతూ గోదాములో ఇంకా వేయించని బస్తాలోంచి ఒక కిలో కొన్నాను. ప్యాకెట్ ఒకటి కొన్నాను. రెండిటినీ వేరువేరు తడిగుడ్డల్లో మూటగట్టి మా ఇంటి అర్రలో పెట్టాను. రుజువుకు గుప్పెడు చాలు. కిలో ఎందుకు నానబెట్టావని మా ఇంటిది అడిగితే మూట మీద ఇంకొన్ని నీళ్లు చల్లాను.

ఏడో రోజు పొద్దున్నే మూటలు విప్పాను. ఒకదాంట్లో గింజ గింజకూ తెల్లటి ముక్కు పొడుచుకొచ్చింది. రెండో దాంట్లో పులిసిన వాసన. సైకిలుకు రెండు మూటలూ కట్టుకొని తండాకు తొక్కాను.

తండా పెద్ద నాయక్ మాన్‌సింగ్ ఇంటి ముందు పందిరి కింద బుట్టలు వరుసగా ఉన్నాయి, జానెడు పచ్చగా. దూరంగా గోడవార ఒకటి, నల్లటి మట్టితో. తారి గడప లోపలే కూర్చొని ఉంది. ఆడవాళ్లు పాట ఆపి నన్ను చూశారు.

రెండు మూటలూ మాన్‌సింగ్ ముందు విప్పి పెట్టాను. "నాయక్, గియి విడి గోధుమలు, గియి మా ప్యాకెట్‌వి. ఒక్కటే దినం నానవెట్టిన. పురుగు వట్టకుంట ఏంచి సీలేసినం. ఏంచింది నేనే, ఏంచుమని చెప్పింది గూడ నేనే. పిల్ల చేతుల ఏం తప్పు లేదు."

ముసలాయన రెండు రకాల గింజలూ అరచేతిలో వేసుకొని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. అది నవ్వు అని నాకు వెంటనే తెలియలేదు.

"ఏంచిన గింజకు పానముంటదా సురేందరూ? నీళ్లు వోసి పాటలు వాడితె మొలుస్తదా? మా పోరిని అనవట్టిరి గని, ఏడు దినాల సంది పేలాలకు నీళ్లు వోసిందన్నట్టు!"

ఆడవాళ్లలో ఒకామె ముందు నవ్వింది, తర్వాత అందరూ. జమ్లీ నవ్వలేదు. "మొన్న దుకాణంల నిన్ను అడిగిన గద. గప్పుడేమైంది నీ నోరు?" అంది.

"సీలేసిండ్రు" అన్నాడు మాన్‌సింగ్.

తారి వచ్చి మొలకెత్తిన మూట తీసుకుంది. పాత మట్టి పారబోసి, కొత్త మట్టి పోసి, ముక్కులు విరగకుండా ఒక్కో గింజా పేర్చింది. మాన్‌సింగ్ తనే లేచి ఆ బుట్టను వరుసలో చివరన పెట్టాడు.

కబురు నాకంటే ముందే జనగామ చేరింది. నేను వెళ్లేసరికి మిషన్ దగ్గర ఇంకొకడు నిలబడి ఉన్నాడు.

"నా దగ్గర జెప్తే వేరే గోధుమలు ఇచ్చిపంపకపోదునా? తండా మొత్తం ముంగట మన ప్యాకెట్‌కు పురుగు వట్టిచ్చినవ్" అన్నాడు మధుకర్.

"జమ్లక్క నీ దగ్గరికే అచ్చింది పటేలా."

ఆయన లెక్కల డబ్బా మీదికి వంగాడు. నా పని పోయింది. కొత్తవాడు పెడలు తొక్కుతూనే ఉన్నాడు. పదమూడేళ్లు నేర్చిన నా చేతులు అక్కడ ఎవరికీ అక్కర లేదు. కాలొకటి ఉంటే చాలు ఆ పనికి.

అటక మీద తరాజు అడిగితే ఇచ్చాడు. పాత ఇనుము అనుకున్నాడో, పాత స్నేహమనుకున్నాడో.

తొమ్మిదో రోజు తండాకు పోకూడదనే అనుకున్నాను. సైకిలు దానంతటదే ఆ తొవ్వ పట్టింది. పిల్లలు బుట్టలు నెత్తిన పెట్టుకొని వాగుకు బయలుదేరారు. అన్నీ జానెడు దాటిన మొలకలు. తారి బుట్టలో రెండు వేళ్లంత. తల మాత్రం అందరికంటే నిటారుగా ఎత్తి నడుస్తోంది.

వాగు ఒడ్డున పిల్లలు మొలకలు పీకి అన్నదమ్ముల పాగాల్లో పెడుతున్నారు. నేను సైకిలు పట్టుకొని దూరంగా నిలబడ్డాను. తారి నా దగ్గరకు వచ్చింది. నాకు పాగా లేదు. చెవి మీద ఒక చిన్న మొలక పెట్టింది, కింద గింజ ఇంకా అంటుకొనే ఉంది.

"ఒక్కటేనానే?" వెనక నుంచి జమ్లీ కేక వేసింది. "మామకు కొసరు వెయ్యి!"

తారి నవ్వుతూ ఇంకొకటి పెట్టింది. దాన్ని తీసి గింజను పంటి కింద వేసి కొరికాను. పచ్చిగా, తియ్యగా ఉంది.