ఎదుటి కుర్చీ

శరత్కాలాంతమున తొలివాన వెలసిన మఱునాటి ప్రాతఃకాలమున యెరూషలేము నగరమందలి శ్వేతశిలానిర్మితగృహపంక్తులు తలంటుకొని యెండకు నిలిచిన పెద్దముత్తైదువులవలె ప్రసన్నములై యొప్పుచుండెను. మిద్దెలపై నారవేసిన దుప్పట్లు మందమారుతమున నూగుచుండ వీథిమూలనున్న రొట్టెల యంగడినుండి వేగిన నువ్వుల కమ్మని వాసన సందుసందునకును వ్యాపించుచుండెను.

అట్టి వేళ నొక మేడపై ఎల్కానా యను ఎనుబదియాఱేండ్ల వృద్ధపండితుడు తెఱచిన ధర్మశాస్త్రగ్రంథము ముందఱ చేతులు ముడుచుకొని యూరక కూర్చుండియుండెను. ఆయన యూదమతాచారమున శాస్త్రాధ్యయన మొంటిగా జరుగునది కాదు. ఇరువు రెదురెదురుగా కూర్చుండి యొకడు స్థాపించిన యర్థమును రెండవవాడు ఖండింపవలయును. ఖండించువాడు లేనిచో నది చదువే కాదు. నలువదియొక్క యేండ్లు నిత్యము తనతో పోట్లాడిన సహాధ్యాయి నఫ్తాలి కడచిన మాసమున గతించెను. నాటినుండి వృద్ధుడు చదువు మానెను. పిమ్మట ఆహారమును దాదాపుగా మానెను. వైద్యుడు వచ్చి రోగమేమియు లేదనెను గాని మనిషి దినదినమునకు క్షీణించుచుండెను.

ఆయనకు పరిచర్య చేయు సువార్తమ్మ కోనసీమయందలి రాజోలు ప్రాంతమునుండి జీవనార్థమై వచ్చి నాలుగేండ్లుగా నా యింటనే యుండి వారి భాష నేర్చిన క్రైస్తవస్త్రీ. ఆయన దుఃఖ మామె చూడలేకపోయెను. అందుచేత తానే నఫ్తాలి కుర్చీయందు కూర్చుండి చదువు మొదలుపెట్టుడని బ్రతిమాలెను. అయితే పెద్దలకెదురు చెప్పుట తప్పని పుట్టినింట నేర్చినది గావున నాలుగు దినము లాయన యేమి చెప్పినను "చిత్తమండి" యనుచు తలయూచెను. ఆమె తలయూచినకొలది నాయన మొగము వాడిపోవుచుండెను. పాపము, ఆ యిల్లాలు తాను చేయుచున్నది మర్యాద యనియే నమ్మెను.

ఐదవనాడును ఆమె బల్లపై పెట్టిన రొట్టెను పప్పుపులుసును ముట్టకయే వృద్ధుడు నీరసస్వరమున నిట్లనెను: "పొరుగువాని కోడిపెట్ట నా దొడ్డిలోనికి వచ్చి గ్రుడ్డు పెట్టెను. నా గింజలు తినినది గావున గ్రుడ్డు నాది."

"కాదండి" యని సువార్తమ్మ నోట ననుకొనకుండ వెడలెను. వెంటనే భయపడి నాలుక కఱచుకొనెను. "తప్పైపోయిందండి అయ్యగారూ!"

వృద్ధుడు తలయెత్తెను. "ఏల కాదు? చెప్పుము!"

"చిన్నప్పట్నుంచీ కోళ్ళు పెంచినదాన్నండి. ఇయ్యాళ తిన్న గింజలు ఇయ్యాళే గుడ్డైపోవండి. ఆ గుడ్డు కడుపులో పడేనాటికి ఆ పెట్ట పొరుగాయన గింజలే తిన్నాదండి. గుడ్డు ఆయనదేనండి."

ఆయన బల్లపై చఱచెను. "అయినచో నెల దినములనుండి నా దొడ్డిలోనే మేసినదనుకొనుము!"

"నెల్లాళ్ళు కోడి కనపడకపోతే ఆయన ఎతుక్కోడాండి? ఆయన ఎతుక్కుంటా ఉంటే మీరు గుడ్లు తింటా కూకుంటారా? ఎవరిదీ కోడని ఓ మాట అడగొద్దాండి?"

వృద్ధుని కన్నులలో నీరు తిరిగెను. అయినను వాదము విడువలేదు. ఆయన గ్రంథములు తిరుగవేసి ప్రమాణములు చూపుచుండ నామె కోళ్లగంపలను కోళ్లబుద్ధులను నిదర్శనముగా చెప్పుచుండ గడియ గడచునప్పటికి నిరువురి కంఠములును వీథిలోనికి వినవచ్చుచుండెను. క్రింది వాటాలోని గృహిణి యేమి కీడు మూడినదో యని మెట్లెక్కి పరుగున వచ్చి తలుపు త్రోసి "ఏమి జరుగుచున్నది?" అని యడిగెను.

"కనబడుటలేదా? చదువుకొనుచున్నాము" అని యాయన గదిమి రొట్టెముక్కను పప్పుపులుసులో ముంచి నోట పెట్టుకొని సువార్తమ్మవైపు తిరిగి "ఊ, చెప్పుము" అనెను.