కోర్టుకి కూడు ఎవరు పెట్టాలి?

అమెరికాలోని మిజోరీ రాష్ట్రంలో మాది చిన్న ఊరు. పురపాలక భవనంలో ఉన్నది ఒకటే కిటికీ. పొద్దున వెర్నా దాని వెనక కూర్చుని నీళ్ల బిల్లులు కట్టించుకుంటుంది. మధ్యాహ్నం అదే కుర్చీలో కోర్టు గుమాస్తా అవుతుంది. ఇందులో తప్పేముందని ఇరవయ్యేళ్లుగా ఎవరూ అడగలేదు.

ఆ సోమవారం ఒడెస్సా బిల్లు కట్టడానికి వచ్చింది. వృద్ధాశ్రమంలో ఆయా ఆమె. పేరు చూసి వెర్నా గొంతు తగ్గించింది.

“నీ మీద అరెస్టు వారంటు ఉంది, తెలుసా? కారు వెనక లైటు కేసు. కోర్టుకి రాలేదేం?”

“చేతిలో డబ్బు లేకుండా ఎట్టా వస్తానక్కా? వస్తే అక్కడికక్కడే లోపలేస్తారంటగా. ఒక్కరోజు డ్యూటీ మానితే నా ఉద్యోగం ఊడుద్ది.”

“ఎవరు చెప్పారే నీకు?”

“ఒకరు చెప్పాలా? మా వీధి వీధంతా అంతే. డబ్బుంటేనే కోర్టు గడప తొక్కేది.”

వెర్నాకు సిగ్గేసింది. వస్తే జడ్జిగారు వాయిదాల్లో కట్టమనేవారు. రాకపోతేనే వారంటు, దానిమీద మళ్లీ రుసుము. ‘డబ్బు లేకపోయినా రండి’ అని నోటీసులో ఒక్క ముక్క వేయిద్దామని రెండేళ్ల కిందట ఆమె అడిగింది. “కోర్టు తన కూడు తానే సంపాదించుకోవాలి” అన్నారు మేయరు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రుసుములోంచే తన జీతం వస్తోంది మరి.

మధ్యాహ్నం ఒడెస్సాను తానే జడ్జిగారి ముందు నిలబెట్టింది. పది నిమిషాల్లో వారంటు రద్దయింది. ఒడెస్సా వేళకు డ్యూటీకి వెళ్లింది.

కానీ వీధిలో మిగతావాళ్ల సంగతి? గురువారం బడ్జెట్ సమావేశంలో వెర్నా లేచి నిలబడింది.

“మేయర్ గారూ, ఫైరింజను ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తోందండీ?”

“పన్నుల్లోంచి. అదేం ప్రశ్నమ్మా?”

“మరి దాన్ని, నీ డీజిలుకి సరిపడా కొంపలంటుకునేలా చూసుకోమని మీరనరే? నా జీతమూ పన్నుల్లోంచే ఇవ్వండి. కాస్త తగ్గించినా సరే. జనం జడిసి రాకపోతేనే నా పూట గడవడం, ఇక నా వల్ల కాదు.”

ముందు నవ్వారు. తర్వాత మేయరు ఆ మాటను ఓటుకు పెట్టారు. ముగ్గురు సభ్యులు చేతులెత్తారు, ఇద్దరు ఎత్తలేదు.

‘డబ్బు లేకపోయినా రండి’ అన్న కొత్త నోటీసులు వెళ్లాక వచ్చిన తొలి కోర్టు రోజున కుర్చీలు చాలలేదు. గోదాములోంచి మేయరే నాలుగు మోసుకొచ్చి వేశారు.

ఊరి తప్పుల మీద బతికే కోర్టు ఊరు బాగుపడాలని కోరుకోదు. ఊరందరూ కలిసి పోషించుకునే కోర్టే ఊరందరిదీ అవుతుంది.