మొగుడి నోట పెళ్ళాం సాక్ష్యం

"తల మీద ఆ గుడ్డ తీసెయ్ శారా. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు," అంది లోరెన్.

సర్వరీ చేతులు పిండిలో ఉన్నాయి. ఆదివారం ఆరాధన తర్వాత పెట్టడానికి చర్చి వంటింట్లో నూటయాభై సమోసాలకు పిండి కలుపుతోంది. జారిన చున్నీని మోచేత్తో మళ్ళీ తల మీదికి నెట్టుకుని నవ్వి ఊరుకుంది. లోరెన్ చెడ్డది కాదు. పాస్టరుగారి భార్య. బ్యాంకాక్‌లో నాలుగేళ్ళు దాక్కుని బతికిన సర్వరీనీ ఆమె మొగుణ్ణీ కెనడాకు రప్పించిన కమిటీకి ఆవిడే పెద్ద. మొదటి చలికాలంలో మంచు బూట్లు కూడా ఆవిడే కొనిపెట్టింది. ప్రార్థనలో ఆడది తల కప్పుకోవాలని సర్వరీకి నేర్పింది వాళ్ళమ్మ. అమ్మకు నేర్పింది వాళ్ళ ఊరి పాదిరీ. మూడు తరాల క్రైస్తవులు. ఆ సంగతి లోరెన్‌కు చెప్పాలంటే చాలా మాటలు కావాలి. సర్వరీకి ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, రెండేళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో నిలబడి నేర్చుకుంది. నోరే తిరగదు. అసలు ఆమె పేరు కూడా ముస్లిం పేరులా ఉందని, పలకడం కష్టమని, వచ్చిన వారంలోనే శారా అని మార్చారు. ఆమెను అడగలేదు. మొగుడు పర్వేజ్‌ను అడిగారు. ఆయన సరే అన్నాడు.

"ఈ ఆదివారం నీ సాక్ష్యం చాలా ముఖ్యం," అంది లోరెన్ ఉల్లిపాయలు తరుగుతూ. "హింస పడుతున్న సంఘం కోసం ప్రార్థించే రోజు కదా. పైగా పాత ఇనపసామాన్ల కొట్టు ఆ సోమాలీవాళ్ళు నమాజు కోసం కొంటారట. మావాళ్ళకి వాళ్ళ సంగతి తెలీదు. నువ్వు చెబితే కళ్ళు తెరుచుకుంటాయి. నీ చెల్లెలి కాగితాలు కూడా ఆ తర్వాతే కమిటీలో పెడదామనుకున్నాం. అందరి మనసూ మెత్తగా ఉంటుంది."

సర్వరీ పిండి పిసుకుతూనే ఉంది. చెల్లెలు రుబీనా ఇంకా బ్యాంకాక్‌లోనే ఉంది. మొగుడు వీసా లేదని జైల్లో పడ్డాడు. ఇద్దరు పిల్లలతో ఒక్క గదిలో, తలుపు చప్పుడైతే ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది. కమిటీ ఈ ఏడు ఒక్క కుటుంబాన్నే పిలుస్తుంది.

ఇంటికి వచ్చేసరికి పర్వేజ్ బల్ల దగ్గర కూర్చుని కాగితం రాస్తున్నాడు. టీ పెట్టి ఇచ్చింది. ఆయన తలెత్తలేదు.

"నువ్వు పంజాబీలో నాలుగు ముక్కలు చెప్పు చాలు. మిగతాది నేను ఇంగ్లీషులో అందుకుంటా."

"ఏం అందుకుంటారు?"

చదివి వినిపించాడు. గుంపు రావడం, ఇల్లు తగలబెట్టడం, పర్వేజ్ పెళ్ళాన్ని భుజాన వేసుకుని ఐదు డాబాలు దూకి కాపాడుకోవడం.

"బాజీ ఏది ఇందులో?"

"ఏ బాజీ?"

"బిల్కిస్ బాజీ."

"ఆవిడ ఊసెందుకే ఇప్పుడు? వాళ్ళకి అది ఎక్కదు. ఎవరు మంచో ఎవరు చెడో విడివిడిగా ఉండాలి వాళ్ళకి. మధ్యలో ఆవిణ్ణి తెస్తే కథ చెడుతుంది."

"కథా?"

"పిచ్చిదానా, నీకు రుబీనా కావాలా వద్దా?"

ఆమె కప్పు కడగడానికి వెళ్ళింది. ఆయనతో పద్నాలుగేళ్ళుగా వాదన ఇలాగే అయిపోతుంది. ఆయన ఒక ప్రశ్న వేస్తాడు, ఆమె గిన్నెలు కడుగుతుంది. నీళ్ళ కింద చెయ్యి పెట్టి నిలబడితే ఆ రోజు మళ్ళీ వచ్చింది. సరిహద్దు అవతలి పంజాబులో, సాహివాల్ దగ్గర చిన్న ఊరు. పొద్దున్నే పది ఇళ్ళు ఊడ్చి, చెత్తలో దొరికిన కాగితాలు పొయ్యి రాజేయడానికి తెచ్చుకునేది. ఊడ్చేవాళ్ళ వాడలో అందరూ అదే చేస్తారు. చదువు రాదు, ఏ కాగితం మీద ఏముందో తెలియదు. ఆ రోజు సగం కాలిన కాగితం మీద అరబ్బీ అక్షరాలుండటం పాలవాడు చూశాడు. అరగంటలో మసీదు మైకులో, ఖురాన్ కాల్చిందంటూ ఆమె పేరు వినబడింది. పర్వేజ్ డాబా ఎక్కాడు. పక్క డాబా మీదికి దూకబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. చూసి దూకాడు. మూడో రోజు గాని మళ్ళీ కనబడలేదు. దాని మీద ఇద్దరూ ఇంతవరకు ఒక్క మాట మాట్లాడుకోలేదు. అత్తగారు మాత్రం ఫోన్లో ఇప్పటికీ అంటుంది, "కడుపు పండలేదు గాని, నీ పొయ్యి నా కొడుకు దేశాన్ని కాల్చింది." పర్వేజ్ పక్కనే ఉండి వింటాడు. ఊరుకోమ్మా అని కూడా అనడు.

ఆమె వెనక సందులోంచి పరుగెత్తి, రోజూ ఊడ్చే ఇంట్లోకే దూరింది. ఇంకో ఇల్లు తెలియదు. ఆ ఇంటావిడే బిల్కిస్. బాజీ, అంటే అక్క, అని పిలిచినా మంచిదని సర్వరీ ఎన్నడూ అనుకోలేదు. పదకొండేళ్ళు ఆమెకు వేరే గ్లాసు పెట్టింది. "ఒసే, కడిగి కిటికీలో బోర్లించు, లోపలికి తేకు," అనేది. ఆ బాజీయే మణికట్టు పట్టి లోపలికి లాగింది. రజాయి దుప్పట్లు దాచే పెద్ద ఇనప్పెట్టె మూత ఎత్తి, రజాయిలు నేల మీదికి విసిరింది. "దూరవే. దగ్గావంటే వాళ్ళు కాదు, నేనే చంపుతా." రెండు రోజులు ఆ పెట్టెలో ఉంది. బాజీ మూత కొంచెం ఎత్తి నీళ్ళిచ్చేది, తను తాగే గ్లాసుతోనే. మూడో తెల్లవారుజామున తన బురఖా తొడిగి బస్సు ఎక్కించింది. ఇదీ జరిగింది. ఆయన కాగితంలో బాజీ ఉంటే ఆయనకు చోటుండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఏం చెప్పాలో గుర్తుందా?" అని అరిచాడు పర్వేజ్.

"ఉంది," అంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. గోడ మీద తెరకు ఆమె ఫోటో పెద్దది చేసి వేశారు. వెనక నుంచి ఫోను పట్టుకుని ఒకాయన తీస్తున్నాడు, దూరంలో ఉన్నవాళ్ళు చూడటానికి. రుబీనా కూడా చూస్తానంది. సర్వరీ మైకు ముందు నిలబడింది, పక్కన ఇంకో మైకుతో పర్వేజ్, కొత్త కోటు.

ఆమె పంజాబీలో మొదలుపెట్టింది. ఊడవడం, కాగితాలు, పొయ్యి, మైకు. ఆయన సరిగ్గానే చెప్పాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"నేను పనిచేసే ఇంటావిడ నన్ను దాచింది," అంది సర్వరీ. "ఆమె ముస్లిం. ఆమె పేరు చెప్పను, ఊరు చెప్పను. తెలిస్తే ఇప్పటికీ బతకనివ్వరు."

పర్వేజ్ గొంతు సవరించుకున్నాడు. "నేను పనిచేసే ఇంటికి పరుగెత్తాను," అన్నాడు ఆమె మాటగా, ఇంగ్లీషులో. "పదకొండేళ్ళు వాళ్ళ పాచి ఊడ్చాను. ఆ ముస్లిం ఆడది తలుపేసి నన్ను గుంపుకి పట్టివ్వబోయింది. అప్పుడు నా భర్త గోడ దూకి వచ్చాడు."

"అయ్యో ప్రభువా," అంది ఎవరో. రెండో వరసలో ముసలాయన పక్కవాడితో, "నేను చెప్పలా? వాళ్ళంతా అంతే," అన్నాడు. ఆ మాట ఆమెకు స్పష్టంగా వినబడింది. లోరెన్ తల ఊపుతూ ఆమె వంక ఎంతో ప్రేమగా చూసింది.

పర్వేజ్ పంజాబీలో చిన్నగా, "ఊఁ, కానీ," అన్నాడు.

కాగితంలో బాజీ లేకపోవడం వరకు ఆమె ఓర్చుకోవాలనుకుంది. రుబీనా కోసం. కోళ్ళ ఫ్యాక్టరీలో, వంటింట్లో, మంచం మీద ఓర్చుకున్నట్టే ఇదీ ఒకటి. కానీ బాజీని ఆ గుంపులో కలుపుతాడని అనుకోలేదు. తన నోటి మాటగా, తన ఎదురుగా, తనకు అర్థం కాదనుకుని.

"ఆయన తప్పు చెప్పాడు," అంది ఇంగ్లీషులో.

పర్వేజ్ నవ్వబోయాడు. "ఏడుపులో ఏదో..."

"నాకు మాటలు తక్కువ. మీరు వినండి. ముస్లిం ఆడమనిషి. ఆమె నన్ను దాచింది. పెట్టెలో. నా మొగుడు లేడు అప్పుడు. వెళ్ళిపోయాడు. గుంపు తలుపు దగ్గరికి వచ్చింది. ఖురాన్ తెచ్చారు. దాని మీద చెయ్యి పెట్టి చెప్పు అన్నారు. ఆమె చెయ్యి పెట్టింది. ఇంట్లో ఎవరూ లేరు అంది." ఊపిరి తీసుకుంది. "రోజుకి ఐదుసార్లు నమాజు చేసే మనిషి. దేవుడి ముందు అబద్ధం చెప్పింది. నా కోసం. నేను పెట్టెలో విన్నాను."

లోరెన్ పాస్టరుగారి వంక చూసింది. ఆయన చేతిలో పుస్తకం వంక చూశాడు. ముసలాయన కోటు సర్దుకున్నాడు.

"ఇవాళ మీరు ప్రార్థన చేస్తామన్నారు. ముందు ఆమెకి చెయ్యండి."

ఒక్కరూ కళ్ళు మూసుకోలేదు. పర్వేజ్ తన మైకు కిందికి దించి, పంజాబీలో పళ్ళ మధ్య నుంచి అన్నాడు, "నీ చేత్తో నీ చెల్లెల్ని ముంచావే."

"తెలుసు," అంది సర్వరీ, మైకులోనే, అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో.