ఫ్యాను చాటు మాటలు

మా అత్తగారికీ నాకూ ఆరేళ్లలో ఒక్కసారి కూడా మాటా మాటా రాలేదు. చుట్టాలంతా మమ్మల్ని చూపించి తమ కోడళ్లకు బుద్ధులు చెబుతుంటారు. "అత్తాకోడళ్లంటే వాళ్లూ!" అంటారు. అప్పుడు నేను తల వంచుకుని చిన్నగా నవ్వుతాను. మా సఖ్యత వెనక ఉన్న అసలు రహస్యం ఒక గ్రాఫిక్స్ కార్డని వాళ్లకేం తెలుసు?

కంప్యూటరు డబ్బాలో కూర్చుని తెర మీద బొమ్మలు గీసే భాగం అది. నేను ఇళ్ల ప్లాన్లు వేస్తాను. పునాది కూడా పడని ఇంటికి గోడలు కట్టి, రంగులేసి, కిటికీలోంచి ఎండ పడేలా చేసి చూపిస్తాను. మాది చిన్న ఇల్లు కాబట్టి నా ఆఫీసు ముందుగదిలోనే, కిటికీ పక్కన బల్ల మీద. సాయంత్రమైతే అదే కంప్యూటరుకు టీవీ తగిలించి మా ఆయన సినిమాలు చూస్తారు. నా వెనక నాలుగడుగుల దూరంలో ఒక పేము కుర్చీ ఉంటుంది. అందులో మా అత్తగారు, ఒళ్లో పేపరు, చెవి మీద పెన్సిలు. ముప్పయ్యేళ్లు బడిలో చేసి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పొద్దున్నుంచి గళ్లనుడికట్టు పూర్తి చేస్తూ, మధ్యమధ్యలో తలెత్తి నా తెర మీది తప్పులు దిద్దుతారు.

"ఆ మెట్లు మరీ నిట్టనిలువుగా లేవూ?"

"చూస్తానత్తయ్యా."

"బీరువా అక్కడ పెడితే తలుపెలా తెరుస్తారు?"

"మారుస్తానత్తయ్యా."

పైకి ఇంతే. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. నా దగ్గర ఈతకొలను ఉన్న ఒక ఇంటి బొమ్మ ఉంది. నిండా నీళ్లూ అద్దాలూ. దాన్ని తెరిస్తే పాత కార్డుకు ఊపిరాడదు, దాని ఫ్యాను పిండిమరలా హోరెత్తుతుంది. ఆ హోరులో నేను తెర వైపు తిరిగే, పెదాలు కదిలీ కదలకుండా, మనసులో ఉన్నదంతా కర్త కర్మ క్రియలతో సహా అనేసుకునేదాన్ని. "ముప్పయ్యేళ్లు పిల్లల్ని దిద్దింది చాలక ఇప్పుడు నా మెట్లు కావలసి వచ్చాయి" లాంటివి. అయ్యాక బొమ్మ మూసేస్తే ఫ్యాను తగ్గేది, నా కోపమూ తగ్గేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించి ఇంట్లో గిన్నెలు సొట్టలు పెట్టడం కంటే ఇది ఎంత మర్యాదైన పద్ధతో మీరే చెప్పండి.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండాల్సింది. పోయినేడాది ఆవిడ, "ఇంక మా అమ్మాయి దగ్గరే ఉండిపోదామనుకుంటున్నాను" అన్నారు. ఆ రోజు నా ప్లానులో ఆవిడ పట్టిన తప్పులు పదకొండు. నేను కొలను తెరిచి, "ఈవిడ వెళ్లిపోతే ప్రాణం హాయిగా ఉంటుంది" అన్నాను. ఆవిడ వెళ్లారు కూడా. మూడు వారాలకు పెట్టెతో తిరిగొచ్చి, ఎందుకొచ్చారో చెప్పకుండా పేము కుర్చీలో కూర్చుని పేపరు విప్పారు. నేనూ అడగలేదు. కానీ ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

ఇలా ఉండగా ఒకరోజు ఇల్లు కట్టించుకుంటున్న డాక్టరుగారు వీడియో కాల్‌లో, "మీ పక్కింట్లో ఏదైనా మిల్లుందామ్మా?" అని అడిగారు. అది పాత కార్డు ఫ్యాను. ఆ వారమే అది అరిగిపోయి గరగరలాడటం మొదలుపెట్టింది. కాస్త బరువైన బొమ్మ తెరిస్తే కంప్యూటరే ఆగిపోతోంది.

"కొత్తది కొనాల్సిందే. చప్పుడు చెయ్యనిది చూడాలి" అన్నాను నేనే, నా నోటితోనే. కొరివితో తల గోక్కోవడం అంటే అదే అని అప్పటికి తట్టలేదు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. కొలతలంటే ప్రాణం. చప్పుడు చెయ్యని కార్డులు పొడుగ్గా ఉంటాయని ఎవరో చెప్పగానే డబ్బా లోపల టేపు పెట్టి మూడుసార్లు కొలిచి అరచేతి మీద రాసుకున్నారు.

"నేనూ వస్తాను" అన్నారు అత్తగారు, చెప్పులేసుకుంటూ.

షాపులో ఒకటే రద్దీ. షాపాయన సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. "పెద్ద ఫ్యాన్లున్నది తీసుకోండమ్మా. పెద్దవి నెమ్మదిగా తిరిగినా చల్లబడిపోతుంది. చిన్నదైతే గబగబా తిరగాలి, అందుకే అరుస్తుంది" అన్నాడు.

"పిల్లలూ అంతే" అన్నారు అత్తగారు.

అతను మూడు కార్డులు తీసి, బల్ల మీద తెరిచి పెట్టిన కంప్యూటరులో మొదటిది బిగించాడు. అత్తగారు షాపంతా ఒకసారి కలయజూసి చప్పట్లు కొట్టారు.

"అందరూ ఒక్క రెండు నిమిషాలు మాట్లాడకండి."

మాట్లాడలేదు! బేరాలాడుతున్నవాళ్లు ఆగిపోయారు. ఫోనులో ఉన్నాయన అది జేబులో పెట్టేసుకున్నాడు. షాపాయన తనంతట తానే వెళ్లి ఏసీ కట్టేసి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు బల్లకు వీపు తిప్పి, కళ్లు మూసుకున్నారు.

"ఇది గుసగుసలాడుతోంది. తీసెయ్యండి."

రెండోది బిగించాడు. ఫ్యాను తిరుగుతున్నట్టే లేదు. బాగుందనుకున్నాం.

"కీచుమంటోంది. సన్నగా, పలక మీద గోరు గీసినట్టు."

షాపాయన వంగి కార్డుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "నిజమేనమ్మా! లోపల తీగచుట్టల చప్పుడది. కొన్నిటికి వస్తుంది. కానీ అంత దూరం నించి మీకెలా వినబడింది?"

"బోర్డు మీద రాసుకుంటూనే వెనక బెంచీలో ఎవడు మాట్లాడుతున్నాడో పేరు పెట్టి పిలిచేదాన్ని నాయనా" అన్నారు ఆవిడ, కళ్లు తెరవకుండానే. "గుసగుసకీ గొణుగుడికీ తేడా కూడా తెలుసు నాకు."

ఇవి చెవులా? పాము చెవులు! ఈ చెవులు ఆరేళ్లుగా నా వెనక నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. మెట్ల మాట విన్నాయా? బీరువా మాట విన్నాయా? అవన్నీ సరే, హాయిగా ఉంటుందన్న ఆ ఒక్క మాట విన్నాయా? విని ఉంటే నేను ఆవిడ ముఖం చూడగలనా?

అప్పటికి మూడోది బిగించడం అయింది.

"ఇంకా పెట్టలేదా?" అన్నారు అత్తగారు.

"పెట్టి అయిదు నిమిషాలైందమ్మా. బాగా వేడెక్కితే తప్ప దీని ఫ్యాన్లు అసలు తిరగవు. తిరిగినా తెలియదు."

"ఇది ఇచ్చెయ్యండి."

ఏదో ఒకటి చెయ్యాలి. "అత్తయ్యా, కాస్త చప్పుడుంటేనే నయమేమో" అన్నాను. "పని చేస్తున్నట్టు తెలుస్తుంది. ఆ మొదటిదే బాగుంది, పాపం."

మా ఆయన నా వైపు వింతగా చూశారు. "చప్పుడు చప్పుడని నువ్వే కదా గోల పెట్టావు?"

"ఇన్నేళ్లుగా షాపు నడుపుతున్నాను, చప్పుడు చేసేదే కావాలన్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నానండీ" అన్నాడు షాపాయన.

అత్తగారు కళ్లజోడు మీదుగా నన్ను ఒకసారి చూశారు. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకున్నాను. మూడోదే కొన్నాం.

మా ఆయన దాన్ని బిగించి డబ్బా మూసేసరికి మా ముందుగది మా ముందుగదిలా లేదు. గడియారం ఉందని అప్పుడే తెలిసింది. వంటింట్లో ఫ్రిజ్ మూలుగు వినబడింది. అత్తగారు గళ్లలో అక్షరం రాస్తుంటే పెన్సిలు గీత కూడా వినబడింది. నేను ఈతకొలను తెరిచాను. నీళ్లు తళతళలాడాయి, అద్దాలు మెరిశాయి, డబ్బా మాత్రం కిక్కురుమనలేదు.

నాలుగు రోజులు నేను కుక్కిన పేనులా ఉన్నాను. అసలే నోట్లో నువ్వు గింజ నానని మనిషిని. అనాల్సినవన్నీ కడుపులో పేరుకుపోయి అన్నం సయించలేదు. మూడో రోజు బాత్రూములోకి వెళ్లి కొళాయి విప్పి నాలుగు మాటలు అనుకోబోయాను. "నీళ్లు వృథా పోతున్నాయి, కట్టెయ్ అమ్మాయ్!" అని ముందుగదిలోంచి వినబడింది. కట్టేశాను.

అయిదో రోజు పదకొండు గంటలప్పుడు డాక్టరుగారి ఇంటి వంటగది గీస్తున్నాను. మా ఆయన లిఫ్టుల పని మీద పోయారు.

"ఆ తలుపు ఎడమ వైపు పెట్టు. కుడి వైపు పెడితే ఫ్రిజ్ తలుపుకి కొట్టుకుంటుంది" అన్నారు అత్తగారు.

"చూస్తానత్తయ్యా" అన్నాను. చెయ్యి అలవాటుగా కొలనుని తెరిచింది. నోరు అలవాటుగా కదిలింది.

"అన్నీ ఈవిడకే తెలుసు. ఎడమ వైపు పెడితే ఉన్న ఒక్క కిటికీ కాస్తా తలుపు చాటుకి పోతుంది. పట్టపగలు దీపం పెట్టుకుని వండుకుంటారా వాళ్లు?"

చివరి మాట అయ్యేసరికి నా గొంతు నాకే గంట కొట్టినంత స్పష్టంగా వినబడింది. ఫ్యాను తిరగలేదు. గడియారం మాత్రం టిక్కు టిక్కుమంది. వెనక్కి తిరిగే ధైర్యం లేక మౌసు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"పోయిన నెల మెట్ల గురించి అన్నదానికంటే ఇది చాలా నయం" అన్నారు అత్తగారు. "దీంట్లో కనీసం విషయం ఉంది."

నా కుర్చీ దానంతటదే తిరిగినట్టు తిరిగింది. ఆవిడ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"అన్నీ విన్నారా?"

"అన్నీ ఎక్కడ? ఆ దిక్కుమాలిన ఫ్యాను సగం సగం మింగేసేది. మొదలు వినబడితే చివర వినబడదు. ఆరేళ్లుగా మిగతా గళ్లు నేనే నింపుకుంటున్నాను." పెన్సిలు చెవి మీంచి తీసి పేపరు మీద పెట్టారు. "ఒకటి మాత్రం నిన్నే అడగాలి. నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్తానన్న రోజు, 'ఈవిడ వెళ్లిపోతే' దాకా విన్నాను. తర్వాత ఫ్యాను హోరు పెద్దదైంది. వెళ్లిపోతే, ఏమిటి?"

ఏదైనా చెప్పొచ్చు. దిగులుగా ఉంటుందని చెప్పొచ్చు, ఇల్లు బోసిపోతుందని చెప్పొచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి. కానీ ఆ కళ్లజోడు వెనక ఉన్న కళ్లు చూశాక అబద్ధం ఆడటం నావల్ల కాలేదు. ఏడాది పాటు ఆ గళ్లను ఖాళీగా పెట్టుకుని ఎదురుచూసిన మనిషి ఆవిడ.

"ప్రాణం హాయిగా ఉంటుందన్నాను, అత్తయ్యా."

ఆవిడ కాసేపు తలాడించారు. "ఊఁ. అక్షరాలు సరిపోయాయి. నేను నింపుకున్నదీ అదే."

ఆవిడ కోప్పడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"హాయిగా లేదత్తయ్యా. ఒక్క రోజు ఉంది, నిజం చెప్తున్నాను. రెండో రోజు నించి లేదు. బొమ్మ గీసి వెనక్కి తిరిగి చూసేదాన్ని, కుర్చీ ఖాళీ. మీరు లేనప్పుడు నేను ప్లాను పంపిన ఇంట్లో బాత్రూము తలుపు తెరిస్తే వాష్‌బేసిన్‌కి కొట్టుకుంటోంది. కట్టేశాక చూసి మేస్త్రీ నన్ను నానా మాటలూ అన్నాడు. మీరుంటే గీసిన నిమిషంలో పట్టుకునేవారు."

"ఒక రోజైనా ఉందా హాయిగా?"

"ఉంది."

"పోనీలే. నాకక్కడ ఒక్క పూట కూడా లేదు" అన్నారు ఆవిడ. "అందరూ మంచివాళ్లే. ఏం చెప్పినా 'అలాగే అమ్మా' అంటారు, చెయ్యరు. వెనక ఒక్కరూ గొణగరు కూడా. అంటే నా మాట ఎవరి చెవికీ ఎక్కడం లేదన్నమాటే కదా! ఇక్కడైతే నేనొకటంటే నువ్వు నాలుగంటావు. అందుకే వచ్చేశాను."

"అయితే మరి చప్పుడు లేని కార్డు ఎందుకు కొనిపించారు?"

"చివరి మాటలు వినబడక ఛస్తున్నాను కనక!" అని గొంతు పెంచారు. "ఇకనించి నా ముఖం మీదే అను. ఊఁ, చెప్పు. ఆ తలుపు కుడి వైపే ఎందుకుండాలి?"

చెప్పాను. ఆవిడ కాదన్నారు. నేను లేచి నిలబడి చెప్పాను. ఆవిడా లేచారు. ఫ్రిజ్ ఎక్కడ, కిటికీ ఎక్కడ, చేతిలో వేడి గిన్నె ఉన్న మనిషి ఎటు తిరుగుతుంది అని పేము కుర్చీ ఫ్రిజ్‌గా, నా కుర్చీ పొయ్యిగా పెట్టుకుని అరుచుకున్నాం. ఆ అరుపులకు వేళ కాని వేళ ఇంటికొచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. చేతిలో టేపుంది.

"ఏమైంది? మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారా?"

"నువ్వు మధ్యలోకి రాకు" అన్నాం ఇద్దరమూ.

తగవు తెగలేదు. ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం. ఆయన వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుంటున్నారు. వెనక పేపరు విప్పిన చప్పుడైంది, పెన్సిలు గీకిన చప్పుడైంది. ఆ తర్వాత అత్తగారి గొంతు, చాలా చిన్నగా, పేపరు చాటున.

"కిటికీ సంగతి నేను చూసుకోలేదు. పిల్ల చెప్పిందే రైటు."

"ఏమన్నారత్తయ్యా?" అన్నాను, తిరగకుండానే.

"నేనేం అనలేదే!"

తలుపు కుడి వైపే ఉంచి, ఫ్రిజ్‌ని ఒక అడుగు వెనక్కి జరిపాను. పెన్సిలు గీత కూడా వినబడే ఆ గదిలో, తన మాట నాకు వినబడలేదని అంత పెద్దావిడ ఎలా అనుకున్నారో తెలియదు. ఆరేళ్లుగా నేనూ అలాగే అనుకున్నాను.