అతికించిన నవ్వు

మా ఆయన పని నవ్వులు అతికించడం. 'మా ఆయన' అనడం నాకింకా కొత్త సరదా, అవసరం లేని చోట కూడా అంటుంటాను. టీవీ హాస్య నాటికల్లో మనుషులు కనపడకుండా గొల్లుమంటారు చూడండి, ఆ గొల్లు ఏ మాట వెనక రావాలో, ఎంతసేపు ఉండాలో చూసి పెట్టేది ఆయనే.

ఆ ఆదివారం చీకటిపడ్డాక ఆయన పనిచేసిన కొత్త నాటిక మొదటి భాగం వచ్చింది. వారం క్రితమే అత్తయ్య తొలిసారి మా రెండు గదుల ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ నేను పెట్టిన టీ సగం తాగి పక్కన పెట్టేది. ఆ పొద్దున మాత్రం కప్పు అడుగు కనిపించేదాకా తాగి, "రేపట్నుంచి పొద్దుటి టీ నీదేనమ్మాయ్" అంది. నేను స్నానాలగదిలోకెళ్ళి, చప్పుడు బయటికి రాకుండా నీళ్ళు వదిలి, ఓ చిన్న గంతు వేసుకున్నాను.

అత్తయ్యకో అలవాటుంది. గది దాటేటప్పుడు లైటు ఆర్పేస్తుంది. లోపల మనిషి ఉన్నా సరే. మొహం నిండా సబ్బుతో రెండుసార్లు చీకట్లో నిలబడ్డాను. తడుముకుంటూనే కడుక్కుని బయటికొచ్చాను. కొత్త కోడలు వచ్చి రాగానే తప్పులు పట్టిందని అనిపించుకోవడం నాకిష్టం లేదు.

సోఫాలో మధ్యన అత్తయ్య, అటూ ఇటూ మేమిద్దరం. నాటికలో ఒక టైలరు, పెళ్ళికొడుకు కోటుకు రెండూ ఎడమ చేతులే కుట్టి, "ఇప్పుడిదే ఫ్యాషన్" అని బుకాయిస్తున్నాడు. అత్తయ్య పకపకా నవ్వింది. "ఫరవాలేదురా, వీడు బాగున్నాడు" అంటూ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నేను కదల్లేదు, కదిలితే తీసేస్తుందేమోనని.

అప్పుడు తెర మీద టైలరు అత్తగారు భోజనాల బల్ల దగ్గర్నుంచి లేచి వెళుతూ లైటు ఆర్పేసింది. ఇంటిల్లిపాదీ చీకట్లో. ఎవరి ముద్ద ఎవరి నోట్లోకో వెళ్ళింది. గొల్లుమని నవ్వులు. వాటన్నిటి మీదా తేలుతూ ఒక నవ్వు, చివర ఎక్కిలి వచ్చినట్టు 'హిక్' మంటూ.

నా నవ్వు! పుట్టిన దగ్గర్నుంచీ అలాగే నవ్వుతాను. మా అమ్మ దాన్ని "నవ్వు కాదే, నీళ్ళు అందని పంపు" అనేది.

అత్తయ్య చెయ్యి నా మోకాలి మీద నుంచి లేచింది. తెర మీద ఇంకో లైటు ఆరింది. మళ్ళీ 'హిక్'.

"ఒరేయ్, ఆ నవ్వెవరిది?"

మా ఆయన రిమోట్ అందుకుని శబ్దం తగ్గించాడు. "అదేనమ్మా... స్టూడియోలో నవ్వులు పాతబడిపోయాయి. డైరెక్టరు కొత్తవి కావాలన్నాడు. ఇంట్లోనే మంచిది ఒకటుంది కదా అని..."

"ఈ లైటు గొడవా ఇంట్లోదేనా?"

"టీ తాగుతూ మాటవరసకి అన్నా. రాసేవాడు పట్టేసుకున్నాడు."

"బాగుంది. కొడుకేమో ఇంటిగుట్టు బజారుకెక్కిస్తాడు. కోడలు పడీ పడీ నవ్వుతుంది. ఊరంతా వింటుంది."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో, అత్తయ్యా! మిమ్మల్ని చూసి కాదు. ఆ రోజు ఈయన కర్టెన్ కడ్డీ బిగిస్తానని స్టూలెక్కి, కడ్డీతో సహా మంచం మీద పడ్డారు. కర్టెన్‌లో చుట్టుకుపోయి 'నేనెక్కడున్నా?' అన్నారు. దానికి నవ్వాను. రికార్డవుతోందని కూడా నాకు తెలీదు."

"ఒట్టమ్మా," అన్నాడాయన. "దీనికో జోకు చెప్పి నవ్విద్దామని ఫోన్ ముందే ఆన్ చేసుకున్నా. జోకు అవసరం రాలేదు."

అత్తయ్య నావైపు చూసింది. కోపం కన్నా అలసటే ఉంది ఆ చూపులో. "నిజమే అయ్యుంటుందమ్మాయ్. కానీ వినేవాళ్ళకి మీ కడ్డీ కనపడదుగా. వాళ్ళకి తెలిసేది నేనూ, నీ నవ్వే."

నాటిక ఇంకా నడుస్తూనే ఉంది, ఎవరూ చూడటం లేదు. పొద్దుటి ఖాళీ కప్పే నా కళ్ళముందు మెదిలింది. రేపు మళ్ళీ సగం కప్పే.

అత్తయ్య టీవీ కట్టేసి లేచింది. "లోపలికెళ్తున్నా." గుమ్మం దాకా నడిచింది. గోడ మీదకి చెయ్యి వెళ్ళింది.

టక్.

చీకటి. మేమిద్దరం సోఫాలోనే ఉన్నాం.

దిండు తీసి నోటికి అదుముకున్నాను. ఇప్పుడు గాని నవ్వు బయటికొచ్చిందో, ఈ జన్మకింక ఆవిడ ముందు తలెత్తుకోలేను. ఊపిరి బిగబట్టాను. పక్కన సోఫా సన్నగా వణుకుతోంది. అంతలో చెవి దగ్గర మా ఆయన గొంతు, చాలా మెల్లగా: "నేనెక్కడున్నా?"

దిండు ఆపలేకపోయింది. 'హిక్' తో సహా బయటపడింది.

అడుగులు ఆగాయి. వెనక్కి వచ్చాయి. లైటు వెలిగింది. అత్తయ్య స్విచ్చు మీద చెయ్యి అలాగే ఉంచి, మమ్మల్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"నేనిలా మనుషులుండగానే ఆర్పేస్తానా?"

"రోజూ" అన్నాడు మా ఆయన.

"నాకు తెలీనే తెలీదే!" నావైపు తిరిగింది. "నిన్నూ చీకట్లో ఉంచానా?"

"రెండుసార్లు, అత్తయ్యా. సబ్బుతో."

ఆవిడ పెదాలు బిగించింది. కానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"టైలరు బాగున్నాడు. అత్త వేషం వేసినావిడే బాలేదు. స్విచ్చు వంక చూసి నొక్కుతోంది. అంత చూసి నొక్కే మనిషి వెనకున్న వాళ్ళని చూడదూ?"

"డైరెక్టరుకి చెప్తాలే అమ్మా."

"ఇంకెవరికీ ఏమీ చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు." నాకేసి వేలు చూపించింది. "రేపు టీలో పంచదార తగ్గించు."

లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర అలవాటుగా లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఈసారి వెనక్కి తిరిగి, మేమున్నామో లేదో చూసింది.

చూసి మరీ ఆర్పేసింది.