వాలు నేల

పిచ్చుకకి నోట్లో నాలుక లేదని షెడ్డులో అందరికీ గట్టి నమ్మకం. స్పానర్ అడిగితే స్పానర్ అందించేది, మిగతా పొద్దంతా ఏదో ఒక కారు కింద దూరి ఉండేది. అసలు పేరు అందరూ మరిచిపోయారు. పెంచి, పని నేర్పింది షెడ్డు యజమాని అయిన పెదనాన్నే. ఆయన మాటకి ఎదురు చెప్పడం ఆమెకి కలలో కూడా తోచేది కాదు.

ఆ రోజు పొద్దున్నే టాక్సీ అక్క ముఖం వేలాడేసుకుని వచ్చింది. ఆవిడది ఆటోమేటిక్ కారు. గేర్లు వాటంతటవే పడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను గొంతు చించుకుంటోందట, బండి కదలనంటోందట. తర్వాత గేరు ఒక్కసారిగా పడి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు కుదుపు వస్తోందట.

"నిన్న వంతెన మీద వెనక్కి జారింది. వెనక సీట్లో బాలింత. నా పైప్రాణాలు పైనే పోయాయి" అంది.

పెదనాన్న కారుని లోపలికి తెప్పించి, ఇంజను నడుస్తుండగానే గేర్ ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగాడు. నిండుగా ఉంది. ఇక సందేహమే లేదు, లోపల క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి, గేర్‌బాక్సు దించాల్సిందే అని తేల్చేశాడు. ఆ మాటకి టాక్సీ అక్క పక్కనున్న టైరు మీద కూలబడింది. బాక్సు దించితే బండి మళ్ళీ ఎప్పుడు రోడ్డెక్కుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ బండే ఆవిడ బతుకు.

పుల్ల తుడిచి పెట్టమని పిచ్చుక చేతికిచ్చాడు. ఆమె తుడవలేదు, వాసన చూసింది. ప్లేట్లు కాలితే ఆయిల్ నల్లబడాలి, మాడు కంపు కొట్టాలి. ఇదేమో ఎర్రగా, శుభ్రంగా ఉంది. మరి బండి ఎందుకు జారుతోంది? ఆయిల్ తక్కువైతే అచ్చం ఇలాగే జారుతుంది. కానీ పుల్ల నిండుగా చూపిస్తోంది.

ఆలోచిస్తూ కారు చుట్టూ తిరిగింది. నిలబడ్డ నేల మీద దృష్టి పడింది. కార్లు కడిగిన నీళ్ళు వెనక కాలువలోకి పోవాలని పెదనాన్న ఆ నేలని వాలుగా వేయించాడు. ఆ పనితనం గురించి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటాడు కూడా. లోపలికొచ్చిన కారు ముక్కు కిందికి వంగి నిలబడుతుంది. ఆయిలంతా ముందుకి చేరుతుంది. ఈ కారుకి పుల్ల ఉన్నదీ ముందువైపే, అందుకే ఆయిల్ తక్కువున్నా నిండుగా చూపిస్తుంది. గేర్లు చేత్తో వేసే బండ్లకి ఈ పుల్ల గొడవ లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. కిందటిసారి ఈ కారుకి ఆయిల్ మార్చింది ఇక్కడే, ఈ వాలు మీదే.

ఆయనకి ఎన్నడూ ఎదురు చెప్పింది లేదు. అయినా చెప్పింది. "పెదనాన్నా, బాక్సు బాగానే ఉంది. ఈ వాలు నేల మీద పుల్ల తప్పు చూపిస్తోంది, మనమే ఆయిల్ తక్కువ పోశాం."

పెదనాన్న ఆమెని ఎగాదిగా చూశాడు. కూత నేర్చావన్నమాట అన్నాడు. తన నేలకి వంకపెట్టే మొనగాళ్ళు తన ఇంట్లోనే పుట్టుకొచ్చారని సాగదీశాడు. పిచ్చుక తల వంచలేదు. చదును రోడ్డు మీద పెట్టి మళ్ళీ చూద్దామంది.

"నేను చూశానా లేదా? ఆ కారు గడప దాటితే, దాని వెనకే నువ్వూ దాటు. మళ్ళీ లోపలికి రావద్దు."

ఆయన ఉత్తుత్తినే అనే మనిషి కాదు. ఆమెకి ఈ పని తప్ప ఇంకోటి రాదు, ఈ షెడ్డు తప్ప ఇంకో చోటు తెలీదు. అయినా టాక్సీ అక్క వైపు తిరిగింది.

"తాళం ఇస్తావా అక్కా?"

టాక్సీ అక్క ఆయన్నీ, ఈ పిల్లనీ మార్చి మార్చి చూసింది. "ఎటూ మునిగాను. ఇందా" అని తాళం చేతిలో పెట్టింది.

పిచ్చుక కారుని ఎదుటి గోదాము ముందున్న చదును చోట నిలిపింది. ఇంజను ఆపకుండా, బ్రేకు తొక్కిపెట్టి, గేరు రాడ్డుని ఒక్కో చోట ఆపుతూ చివరిదాకా లాగి, మళ్ళీ పార్కింగులో పెట్టింది. పుల్ల తీసి తుడిచి, దించి, మళ్ళీ తీసింది. ఆయిల్ కొసకి మాత్రమే అంటుకుంది.

టాక్సీ అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. పిచ్చుక వెంట తెచ్చుకున్న ఆయిల్‌ని సన్నమూతి గరాటుతో కొంచెం పోయడం, చూడడం, మళ్ళీ పోయడం. తర్వాత ఇద్దరూ వంతెన ఎక్కారు. బండి మారాం చేయకుండా ఎక్కింది. మూడో గేరులో చిన్న కుదుపు మిగిలింది. పిచ్చుక అది దాచలేదు. ఇన్నాళ్ళూ ఆయిల్ చాలక ప్లేట్లు కొంత అరిగి ఉంటాయనీ, కుదుపు పెరిగితే వెంటనే తీసుకురమ్మనీ చెప్పింది.

"ఎక్కడికి తేవాలి?" అంది టాక్సీ అక్క. "నిన్ను పొమ్మన్నాడుగా."

"షెడ్డుకే."

తిరిగొచ్చేసరికి పెదనాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కారు వంతెన ఎక్కడం అక్కడినుంచి చూసే ఉంటాడు. తప్పుకోలేదు, తిట్టనూ లేదు. పిచ్చుక ఆయన ఎదురుగా ఆగింది.

"ఇదొక్కటే కాదు పెదనాన్నా. ఇక్కడ ఆయిల్ మార్చిన ఆటోమేటిక్ బండ్లన్నిట్నీ వెనక్కి పిలవాలి."

"పరువు పోతుందే" అన్నాడాయన, మెల్లగా.

"ఎవరిదైనా బండి వంతెన మీద జారితే?"

పిచ్చుక ఆయన పక్కనుంచి దారి చేసుకుని లోపలికి వెళ్ళింది. బల్ల మీదున్న షెడ్డు ఫోను తీసి, అందరికీ వినపడేలా మొదటి బండి ఆసామితో మాట్లాడడం మొదలుపెట్టింది.