వాగు గట్టున వందన సమర్పణ

వేదికపై నడుమ కుర్చీలో వాగు పరిరక్షణ సంఘం అధ్యక్షుడు ఆసీనుడయ్యాడు. ఆయనకు కుడివైపున అటవీశాఖ అధికారి, ఎడమవైపున షామియానా ఖర్చు భరించిన బట్టల వ్యాపారి, వయసును గౌరవించి చివరి కుర్చీలో అధ్యక్షుడి తల్లి. అధ్యక్షుడి భార్యకు కుర్చీ వేయలేదు. ఆమె వేదిక వెనుక నిలబడి కప్పుల్లోకి టీ వంచుతూ ఉంది.

"అమ్మాయీ, అధికారిగారికి సాసరేదీ?" అని అత్తగారు పైనుంచే అడిగింది.

అది ఊటవాగు, నడివేసవిలోనూ చల్లగా పారుతుంది. దాని పక్కనున్న చిత్తడి నేలను ఎండగట్టేందుకు ఎవరో ఏనాడో తవ్విన కాలువలు అందులోని నీటినంతా లాగేయగా గట్లనిండా ముళ్లకంప అల్లుకుపోయింది. వంట ముగించి, అత్తగారికి మందులు వేసి, మిగిలిన పూటల్లో ఆమె ఆ కాలువలను పూడ్చింది. కంపను వేళ్లతో పెకలించి, మోకాలిలోతు బురదలో తుంగనూ జమ్మునూ నాటింది. ఆమె గోళ్లు చూసి, "వడ్డించే చేతులేనా ఇవి?" అనేది అత్తగారు. మంచం మీద ఎండుతున్న గడ్డిగింజలను స్నేహితులకు చూపించి, "మా ఆవిడ త్వరలో పాలు కూడా ఇస్తుందిరా," అని భర్త నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ మాటకన్నా తన నవ్వే ఇప్పుడు ఎక్కువ మంట పెడుతోంది. తీరా సంఘం ఏర్పడ్డాక, "మీటింగుల గోల నీకెందుకు? నేను చూసుకుంటాగా," అని ఆయన అధ్యక్షుడయ్యాడు.

ఆ గింజలు ఈ నేలకే చెందిన గడ్డివి. ఏటా విత్తు రాలితేనే మళ్లీ మొలిచే జాతి. ఆమె వాటిని ఏరి తెచ్చిన బీడు ఇప్పుడు రోడ్డు కింద ఉంది. ఉన్నదంతా ఈ గట్టునే చల్లింది. ఆ గడ్డి ఈ ఏడే ఇక్కడ తొలిసారి మొలిచి వెన్ను తీసింది.

నిన్న ఆమె చెల్లెలిని ఆసుపత్రికి తీసుకువెళ్లి వచ్చేసరికి గట్టు నున్నగా ఉంది. కోసిన గడ్డిని అప్పటికే ఎవరి పశువులకో మేతగా వేసేశారు.

"అతిథులొచ్చే చోట నడుములోతు పిచ్చిగడ్డి ఏం బాగుంటుంది? గడ్డే కదా, మళ్లీ వస్తుంది," అన్నాడు భర్త.

"రాదు. గింజ ఇంకా పాలమీదుంది, ముదరలేదు."

"నీకు ప్రతిదీ పెద్దది చేయడం అలవాటు."

రాత్రి భోజనంలో ఆయన పెరుగు మరోసారి వడ్డించమన్నాడు. ఆమె వడ్డించింది.

సభలో అధికారి అధ్యక్షుణ్ణి వేనోళ్ల పొగిడి, శాలువా కప్పి, చివరికి అడిగాడు: "ఆ అరుదైన గడ్డి చూద్దామనే వచ్చానండి. ఎక్కడుంది?"

"అటుగా ఉంటుంది," అని భర్త అవతలి గట్టు చూపించాడు. వెంటనే మైకు అందుకుని, "మా ఆవిడ సహకారమూ మరువలేనిది. వేళకు భోజనం పెట్టింది. వందన సమర్పణ తనే చేస్తుంది. రెండే ముక్కలు, సరేనా?" అన్నాడు. జనం నవ్వారు.

ఈసారి ఆమె నవ్వలేదు. చేతులు తుడుచుకుని వేదిక ఎక్కింది.

"పెద్దలకు నమస్కారం. అధికారిగారు చూడవచ్చిన గడ్డి అవతల లేదు. నిన్నటివరకూ మీ కుర్చీల కింద ఉండేది. దాని విత్తనం ఏరినదీ, ఈ చిత్తడికి నీరు నిలిపినదీ నేను. గింజ ముదరకముందే కోయించి, దాన్ని ఈ నేలమీద లేకుండా చేసినది మావారు. ఆ కార్యం సంపూర్ణంగా వారిదేననీ, అందులో నాకెట్టి సహకారమూ లేదనీ సభాముఖంగా మనవి చేస్తూ, వారికి నా వందనాలు సమర్పిస్తున్నాను."